తిరగేసి కట్టిన తీగలు

“తీగలన్నీ తిరగేసి కడుతున్నారేంటండీ? మతి గానీ పోయిందా?”

మా ఆయన తలెత్తలేదు. ఖాళీ చుట్టల పెట్టెకు కర్ర పిడి బిగించి, చిన్న గిటారులాంటి యుకులేలేగా మార్చి, తీగలు ఒక్కొక్కటే లాగి కడుతున్నారు. మధ్యమధ్య దగ్గుతున్నారు. ఇంట్లో మిగిలిన ఆఖరి పెట్టె అది. డాక్టరు ఎక్స్‌రే చూపించిన రోజు నుంచి ఆయన చుట్టలు కొనలేదు.

“చుట్టలు మీ ఊపిరి తిన్నాయి. వాటి పెట్టెలు నా వంటింటి అరలు తిన్నాయి,” అన్నాను.

“మిగిలిన నా బుర్ర నువ్వు తిన్నావు,” అంటూ నవ్వబోయి మళ్లీ దగ్గారు.

“నవ్వింది చాలు గానీ, ఇలా కడితే ఎవరు కొంటారు?”

“అమ్మడానికి కాదు. నీకే. పట్టుకో.”

“నాకా? పక్షవాతం వచ్చాక ఎడమచేతి వేళ్లు ముడుచుకోవడం లేదుగా. తీగలు ఎలా నొక్కను?”

“అందుకేగా తిరగేశాను. కుడిచేత్తో నొక్కు. ఎడమచెయ్యి తీగల మీద ఊరికే అలా ఆడిస్తే చాలు.”

“ఈ వయసులో నాకెందుకండీ ఈ తంటా? సాయంత్రమైతే మీరు వాయిస్తారు, నేను వింటాను. ఇన్నాళ్లూ అలాగే జరిగిందిగా.”

ఆయన నా కుడిచేతి వేలు తీసి తీగ మీద పెట్టి, దాని మీద తన వేలు ఆనించి నొక్కారు. ఆ వేలు చల్లగా ఉంది.

నాకు ఇంకేం అడగాలనిపించలేదు. ఎడమచెయ్యి మెల్లగా ఆడించాను. పెట్టె పలికింది, స్పష్టంగా.

“సరిగా రాలేదండీ,” అన్నాను. “మళ్లీ చూపించండి.”