ఇంత ఎత్తు పిల్ల

"ఇంత ఎత్తుంటుంది. పేరు లెట్టీ. ముందుపళ్ళ మధ్య సందు," అంటూ ముసలమ్మ కెజయా తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

యాజూ ఏట్లో పడవ నడిపే ఆన్సెల్ తెడ్డు ఆపాడు. "ఎప్పుడు తప్పిపోయింది పెద్దమ్మా?"

"తప్పిపోలేదు, నా కూతుర్ని దొర అమ్మేశాడు. ఇరవై ఏళ్ళయింది. మన బానిసత్వం పోయిన రోజు నుంచీ వెతుకుతున్నా."

అతను పకపకా నవ్వాడు. "ఇరవై ఏళ్ళా! ఈపాటికి దానికే ఆ ఎత్తు పిల్లలుంటారు!"

కెజయా చెయ్యి కాసేపు అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా ఆమె నెత్తి దాకా లేచింది.

"నా మతిమండ! ఊరూరా చిన్నపిల్లల మొహాలే చూసుకుంటూ తిరిగా," అని తనూ నవ్వేసింది. "సరేగానీ, నీకెవరూ లేరా వెతుక్కోడానికి?"

"లేకేం, మా అమ్మ! పడవెక్కే ఆడవాళ్ళని చూస్తూనే ఉంటా. నల్లటి ఒత్తు జుట్టు, లేడిలా నడుస్తుంది."

"నిన్ను అమ్మేసినప్పుడు నీకెన్నేళ్ళు నాయనా?"

"ఏడు," అంటూ ఆన్సెల్ గడ్డం తడుముకున్నాడు. అందులో అప్పుడే నాలుగు తెల్లవెంట్రుకలు.

పడవ ఒడ్డుకి తగిలింది. అవతలికి వెళ్ళడానికి తల నెరిసిన అవ్వలు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇన్నేళ్ళూ అలాంటివాళ్ళందరికీ చెయ్యందించి పడవ ఎక్కించాడే గానీ, ఒక్కరి పేరూ అడగలేదు.