అల్లుడుగారి లండన్ సీసా

"దొరికింది సుధా" అంటూ చరణ్‌తేజ్ బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి వచ్చేశాడు.

అరచేతిలో ఇమిడే గుండ్రటి సీసా. లోపల నల్లటి చిక్కటి పేస్టు. దానికోసం అతను తిరగని చోటు లేదు. దుబాయ్ కరామాలో ఒక కిరాణా కొట్టాయన ఖర్జూరపు పాకం చేతిలో పెట్టాడు. ఇంకొకాయన బూట్ పాలిష్ చూపించాడు. చివరికి షార్జా అల్ నహ్దాలో తమ ఇంటి వెనక సూపర్‌మార్కెట్లోనే, జామ్ సీసాల చాటున ఒకే ఒక్కటి కనిపించింది.

చరణ్‌తేజ్ ఆఫీసు పనిమీద ఆర్నెల్లు లండన్‌లో ఉండొచ్చాడు. అతనొచ్చి ఏడాదైంది గానీ లండన్ ఇంకా అతన్ని వదల్లేదు. షార్జాలో నాలుగు చినుకులు పడినా అదే గుర్తొస్తుంది మహానుభావుడికి.

"అక్కడందరూ పొద్దున్నే బ్రెడ్డుకి ఇదే రాసుకుంటారు అత్తయ్యగారూ. ఈస్ట్‌తో చేస్తారు. ఇదుంటే నాకింకేం అక్కర్లేదు" అన్నాడు సీతాదేవితో.

వచ్చిన చిక్కల్లా అదే. సీతాదేవి కాకినాడ నుంచి కూతురింటికి మొదటిసారి వచ్చింది. వాళ్ళ వీధిలో పెళ్ళయితే వంటవాళ్ళే గరిటె పట్టుకొచ్చి, ఉప్పు చూడండమ్మా అని ఆవిణ్ణి అడుగుతారు. అలాంటి మనిషి అల్లుడికి తన చేత్తో వండి పెట్టాలని కొండంత ఆశతో, పచ్చళ్ళ డబ్బాలతో సహా వచ్చింది. ఈ అల్లుడేమో చిన్నప్పట్నుంచీ హాస్టళ్ళలో పెరిగినవాడు. బ్రెడ్డూ నూడుల్సూ తప్ప నోటికి ఏదీ ఎక్కదు. పెసరట్టు వేస్తే నూనె ఎక్కువన్నాడు. గుత్తివంకాయ చేస్తే హెవీగా ఉందన్నాడు. పనసపొట్టు కూర చేస్తే, ఇదేంటి, పీచా, అని అడిగాడు.

శ్రీసుధకి ప్రాణం ఉసూరుమనేది. అమ్మ తిరిగి వెళ్ళేలోపు మొగుడి నోట 'బావుందండీ' అనే ఒక్క మాట రావాలి. ఆమె కోరుకున్నది అంతే.

"ఈస్ట్ అంటే ఏంటే?" అని ఆ సాయంత్రం తల్లి అడిగింది.

శ్రీసుధ ఫోన్లో చూసి చెప్పింది. "బీరు చేశాక అడుగున మిగుల్తుందటమ్మా. దాంతో చేస్తారట."

సీతాదేవి ముక్కున వేలేసుకుంది. "బీరు మడ్డినా? దేవుడి గూటి పక్కన పెట్టాడే!" అని సీసాని చీరకొంగుతో పట్టుకుని ఫ్రిజ్ మీదికి మార్చింది.

మొదట్లో చరణ్‌తేజ్ మొహం చిట్లించుకునే తిన్నాడు. కషాయం మింగినట్టు మింగి, పైన గ్లాసెడు నీళ్ళు తాగేవాడు. "దీనికి అలవాటు పడాలి సుధా. అందరికీ వెంటనే ఎక్కదు" అన్నాడు.

నిజమే కాబోలు. వారం తిరక్కుండానే బ్రహ్మాండంగా ఎక్కేసింది. బ్రెడ్డు కాల్చడం, వెన్న రాయడం, ఆపైన నల్లటిది దట్టంగా పూయడం. తిన్నాక చెంచా కూడా నాకి పెట్టేవాడు.

"మీరు మాత్రం దీని జోలికి రాకండి అత్తయ్యగారూ. మీకు పడదు" అన్నాడో రోజు.

"నాకెందుకులే బాబూ, మీరు తినండి" అని ఆవిడ ఇంకో రెండు ముక్కలు కాల్చి పళ్ళెంలో వేసింది.

ఆ సహనం చూసి శ్రీసుధకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో తల్లయితే ఈపాటికి టికెట్టు ముందుకు జరిపించుకునేది.

"చూశావా, ఇంత తింటున్నా తరగట్లేదు. అసలు సరుకంటే ఇలా ఉంటుంది" అని మురిసిపోయేవాడు చరణ్‌తేజ్.

నెల గడిచింది. ఎయిర్‌పోర్టులో అల్లుడు, మళ్ళీ రండి అత్తయ్యగారూ, అన్నాడు. వంట మాట మాత్రం ఎత్తలేదు. సీతాదేవి నవ్వుతూనే లోపలికి వెళ్ళింది. తిరిగొస్తూ శ్రీసుధ దారంతా కారు కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

నాలుగు రోజులకే సీసా ఖాళీ అయింది. చరణ్‌తేజ్ కొత్తది తెచ్చాడు. ఒక్క ముక్క కొరికి సింకు దగ్గరికి పరిగెత్తాడు.

"డూప్లికేట్ సరుకు. ఎండలో కంటైనర్లో ఉడికిపోయుంటుంది" అన్నాడు.

ఇంకో కొట్లో ఇంకోటి కొన్నాడు. అదీ కాదు. మెట్రో ఎక్కి కరామా వెళ్ళాడు. అక్కడి కిరాణా కొట్టాయన ఈసారి ఇతన్ని చూడగానే చేతులూపుతూ, "ఖలాస్ భాయ్, ఖలాస్" అన్నాడు. సెలవురోజంతా తిరిగి తిరిగి, ఎక్కడో దుబాయ్ చివర్న మరో సీసా పట్టుకొచ్చాడు. మూత తీసి, రుచి చూసి, దిగాలుగా కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ రుచి రావట్లేదు సుధా. ఆ బ్యాచే వేరు."

అని పాత సీసాలో వేలు పెట్టి అంచులు గీకి నాకుతున్న మొగుణ్ణి చూసేసరికి శ్రీసుధకి ఒళ్ళు మండిపోయింది. ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి, తలుపు మూసి, తల్లికి చేసింది.

"ఏమీ అనుకోకమ్మా. నెల్లాళ్ళు పొయ్యి ముందు నిలబడి వండిపెట్టావు. ఒక్కరోజు బావుందనలేదు. ఇప్పుడేమో ఆ నల్ల సీసా కోసం ఊరంతా తిరుగుతున్నాడు. నాకు సిగ్గేస్తోంది."

సీతాదేవి గొంతు తగ్గించి, నవ్వాపుకుంటూ చెప్పింది:

"అల్లుణ్ణి ఏమీ అనకే, ఆ బీరు మడ్డిని రెండ్రోజులు ఓర్చుకుని మూడోనాడు సింకులో పోసేశాను, అప్పట్నుంచీ అతను ఆఫీసుకెళ్ళగానే ఆ సీసాలో నింపుతూ వచ్చింది కారం కలపని నా పాత చింతకాయ పచ్చడి."