కుడివైపు వైసు

కాలనీ వాళ్లందరం కలిసి వాడుకోబోయే వర్క్‌షాపు అది. ఏ సామాను ఎక్కడుండాలో బావ ఖాళీ హాలు నేల మీద సుద్దముక్కతో గీస్తుంటే, నేను జాబితా రాస్తున్నాను. ఆయన వడ్రంగి, నేను టైలర్ని.

"రంపాలు ఆ మూల. పొట్టు నీ కుట్టుమిషన్ల మీద పడితే నన్ను బతకనివ్వవు. కిటికీ కింద ఇంకో బల్ల. దాని వైసు కుడివైపు బిగించాలి."

చెక్కని కదలకుండా పట్టే వైసు ఎక్కడైనా ఎడమవైపే ఉంటుంది.

"ఉన్న చోటే చాలక చస్తుంటే! ఎడమచేతివాటం వాళ్లు ఎవరున్నారు బావా ఇక్కడ?"

అనేశాక నాలిక్కరుచుకున్నాను.

బావ తలెత్తలేదు. "నీ దగ్గర తెచ్చిన గుడ్డపీలికతోనే పిల్లదాని ఎడమచెయ్యి కట్టేసి, కుడిచేత్తో రంపం పట్టించాను. 'నాన్నా, నాకు వేరే బల్ల చెయ్యవా' అని ఎంత బతిమాలిందో! వడ్రంగి కూతురివి, అందరిలా పనిచెయ్యమని కసిరాను."

నేను జాబితాలోంచి ఆ బల్లని కొట్టేయలేదు. "ఎత్తెంత రాయను?" అన్నాను.

బావ జేబులో ఉన్న టేపు తియ్యలేదు. నడుం కంటే కాస్త కిందకి అరచెయ్యి పెట్టి చూపించాడు.

"పదకొండేళ్ల పిల్లకి సరిపోయేంత. అంతకంటే పెరగలేదుగా అది."