మెడలోతు నీళ్ళ ఫొటో

ఫొటోలు మాట్లాడే రోజులొచ్చాయి. ప్రొఫైల్ ఫొటో మీద వేలు పెడితే, దాన్ని తీసినవాళ్ళ గొంతు దాని కథ చెప్పాలి. గొంతు లేని ఫొటోను ఎవరూ నమ్మడం లేదు.

అందుకే ఫొటోగ్రాఫర్ పాండురంగారావు పన్నెండేళ్ళ తర్వాత హైమవతి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గోదావరి వరదలో తాను మెడలోతు నీళ్ళలో నిలబడి కెమెరా పైకెత్తిన ఫొటోతోనే అతనికి పేరొచ్చింది. అది తీసింది అప్పటి అతని అసిస్టెంటు హైమవతి.

"ప్రాణాలకు తెగించానని రెండు ముక్కలు చెప్పమ్మా, చాలు," అంటూ ఫోను చాచాడు.

"చెప్తానండి మాస్టారూ," అని ఆమె ఫోను అందుకుంది.

"ఇక్కడ నీళ్ళు మోకాళ్ళ దాకే. మాస్టారు గొంతుక్కూర్చున్నారు. అవతల ఇంటికప్పు మీద మా పెద్దమ్మ పడవ కోసం కేకలేస్తోంది. ఫొటో బాగా వచ్చేదాకా ఈయన మేమొచ్చిన పడవను కదలనివ్వలేదు. మేం వెళ్ళేసరికి అక్కడ ఇల్లే లేదు."

పాండురంగారావు ఫోను వెనక్కి లాక్కున్నాడు. "ఫొటో తీసేస్తాను," అని గొణిగాడు.

"తీసెయ్యండి. తీసిన చెయ్యి నాదే కదండీ, ఇవాళ్టి నుంచి అది నా ప్రొఫైల్ ఫొటో."