కవర్లు లేని కర్రీ పాయింట్

"డబ్బా ఏది మేడమ్?" సాంబారు గరిటె ఎత్తి పట్టుకుని చంద్రయ్య అడిగాడు.

భానుశ్రీ నాలుక కరుచుకుంది. "ఆఫీసు నుంచి ఇటే వచ్చేశానండి. ఈ ఒక్కసారికి కవర్లో కట్టివ్వండి."

"కవర్లు బంద్ జెయ్యమన్నది మీరే గద మేడమ్! మీ అపార్ట్‌మెంటోళ్లంత డబ్బాలు పట్టుకొని వస్తమంటిరి. ఒక్కలన్న వస్తున్నరా?"

"వస్తారండీ. గోపన్‌పల్లి మొత్తంలో ఇలా చేస్తున్నది మీరొక్కరే! ఉండండి, మా గ్రూపులో పెడతాను."

కొట్టు ఫొటో తీసుకుంది. తీసుకుని, రోడ్డు దాటి ఎదుటి కర్రీ పాయింట్‌కు వెళ్లింది.

చంద్రయ్య గిన్నెల వంక చూశాడు. పొద్దుటి నుంచి సగం కూర కూడా కదల్లేదు.

"గిట్లయితే ఇగ షట్టర్ దించుడే," అంది వెనక అంట్లు తోముతున్న అతని భార్య వసంత.

భానుశ్రీ మళ్లీ వచ్చింది. రెండు చేతుల్లోనూ పొగలు కక్కుతున్న సాంబారు కవర్లు.

"చేతులు కాలుతున్నాయండీ. గుడ్డసంచీ ఏమైనా ఉంటే ఇస్తారా?"

చంద్రయ్య లోపలి నుంచి గుడ్డసంచీ తీశాడు. ఈమె అబద్ధం ఆడలేదని అప్పుడు అర్థమైంది. కవర్లు లేని కొట్టు ఒకటి తమ వీధిలో ఉండాలని ఆమె మనసారా కోరుకుంది. అక్కడ కొనడం మాత్రం ఇంకెవరి పనో అనుకుంది.

సంచీ ఆమె చేతిలో పెట్టి, భార్య వైపు తిరిగాడు. "వసంతా, రేపు కవర్లు తెస్త."

సాంబారు ఒలకకుండా సంచీలో సర్దుకుంటున్న భానుశ్రీ చటుక్కున తలెత్తింది. నిజంగానే బాధపడింది.

"మీలాంటివాళ్లే ఇలా చేస్తే ఎలాగండీ?"