పెళ్లికొడుకు జవాబులు

నాష్‌విల్‌లో నా స్నేహితురాలు బ్రిన్ పెళ్లికి ముందు జరిగే ఆడపిల్లల సంబరానికి బూట్లు, గులాబీ టోపీలు, పాటల బార్లో బల్ల అన్నీ కుదిర్చాను. ఇక మిగిలింది ఆట. పెళ్లికూతురి గురించి పెళ్లికొడుకుని ప్రశ్నలడిగి ముందే వీడియో తీసి, అక్కడ అందరి ముందూ వేస్తాం. ఆ వీడియో తీయడం కూడా నిన్నే అయిపోయింది.

“ఎలా చెప్పాడే?” పెళ్లికూతురి తెల్లటోపీ పెట్టి చూసుకుంటూ అడిగింది బ్రిన్.

“అన్నీ కరెక్టే.”

“నా చిన్నప్పటి కుక్క పేరు కూడా?”

“వాఫిల్. అదీ చెప్పాడు.”

టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. “ఒక్కటి తప్పు చెప్పినా ఉంగరం తీసి వాడి మొహాన కొడదామనుకున్నానే!”

నలుగురిలో బ్రిన్ చిన్నబోకూడదని, కెమెరా ఆపి ఆపి ప్రతి జవాబూ అతనికి అందించింది నేనే.

“తడుముకున్నాడా?” కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

“లేదే. టక్కున చెప్పాడు,” అన్నాను.