రెండున్నర కిలోల సంచి

ఎయిర్‌పోర్టు తూకం మీద ఓ ముసలాయన పెట్టిన సంచిని చూసి కౌంటరు పిల్లకి నవ్వాగలేదు.

“ఇంతేనా అంకుల్? పెట్టె ఎక్కడైనా మర్చిపోయారేమో చూసుకోండి.”

“ఇంతేనమ్మా.”

“వారం రోజులకి?”

“ఒక చొక్కా ఒంటిమీదుంది. ఒకటి సంచిలో ఉంది. దానికి పెట్టె ఎందుకు?”

సంచి రెండున్నర కిలోలు తూగింది. ఆ పిల్ల ఆయన్ని కూడా తూకం ఎక్కించి బరువు రాసుకుంది. మలేషియాలోని మిరీ నుంచి కొండల మీది బారియోకి వెళ్ళే చిన్న విమానం అది. మనిషినైనా మూటనైనా తూచనిదే ఎక్కనివ్వరు. సామాను మనిషికి పది కిలోలే.

వెనక నిలబడ్డ సుపాంగ్‌కి మాత్రం నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఊరికి వెళ్ళేవాళ్ళంతా ఉప్పు చేపలు, నూనె, పాలడబ్బాలు కిలో కిలో లెక్క చూసుకుని మోస్తున్నారు. ఈ ముసలాయన షికారుకొచ్చినట్టు చేతులూపుకుంటూ వచ్చాడు!

ఆమె వంతు వచ్చింది. అట్టపెట్టె, బట్టల మూట కలిపి పదిహేడున్నర.

“ఏడున్నర ఎక్కువుంది అక్కా. పెట్టె ఇక్కడే వదిలెయ్యాలి.”

“అది ఆక్సిజన్ మెషిన్! మా నాన్నకి. రాత్రి నుంచి ఊపిరి అందక కూర్చునే ఉన్నాడు. ఉన్న సిలిండరు ఈ సాయంత్రానికి అయిపోతుంది.”

“నేనేం చెయ్యను అక్కా? విమానం మోసేంతే మోస్తుంది.”

ముసలాయన వెనక్కి తిరిగాడు.

“నాకు పదిలో రెండున్నరే అయింది. మిగిలింది ఈ అమ్మాయికి రాయి.”

కౌంటరు పిల్ల వేళ్ళు మడిచి లెక్క చూసింది. “సరిగ్గా ఏడున్నర! భలే కుదిరింది అంకుల్.”

సుపాంగ్‌కి సిగ్గేసింది. “లోపల తిట్టుకున్నాను అంకుల్ మిమ్మల్ని.”

“నా సంచిని చూసి మా ఆవిడ పైకే తిడుతుంది,” అన్నాడాయన.

విమానం కోసం ఎదురుచూస్తూ ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

“మీ నాన్న పేరేమిటమ్మా?”

“మారన్. ఒకప్పుడు మా ఊరి రన్‌వే దగ్గర సామాన్లు తూచేవాడు.”

ఆయన సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి కొండలవైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇంతలో కౌంటరు పిల్ల కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“బారియో మీద మబ్బు పట్టిందట. దిగలేకపోతే వెనక్కి రావాలి కదా, అందుకని ఇంధనం ఎక్కువ పోస్తున్నారు. అరవై కిలోలు దింపాలి. ముందు పెద్ద సామాన్లు.”

జాబితాలో మొదటిది సుపాంగ్ పెట్టె.

“రేపు పంపిస్తాం అక్కా.”

“రేపటికి మా నాన్న ఉండొద్దూ?” సుపాంగ్ చుట్టూ ఉన్నవాళ్ళని చూసింది. ఒకామె రెండు పాలడబ్బాలు తీసి బల్లమీద పెట్టింది. ఒకాయన నూనె డబ్బా పెట్టాడు. అన్నీ కలిపినా పది దాటలేదు.

ముసలాయన లేచాడు.

“నేను యాభై ఎనిమిది కిలోలు. సంచి రెండున్నర. అరవై దాటింది కదా? జాబితాలో నా పేరు కొట్టెయ్యి. ఆ పాలడబ్బాలు ఆవిడకిచ్చెయ్యి, ఇంట్లో పసివాడున్నాడేమో.”

“అంకుల్, వచ్చే శుక్రవారం దాకా సీట్లు లేవు!”

“పరవాలేదు.”

“మీకక్కడ పనేదో ఉందేమో కదా?” అంది సుపాంగ్.

“ఒకర్ని చూద్దామనుకున్నాను. ఆయన బాగుంటే ఎప్పుడైనా చూడొచ్చు.”

విమానం రెక్కల ముందు పంకాలు తిరగడం మొదలైంది. ఎక్కమని కేకేశారు. ఆయన సంచిలో చెయ్యిపెట్టి ఓ పాత స్ప్రింగు కాటా తీశాడు. కొక్కెం అరిగిపోయి ఉంది.

“ఇది మీ నాన్నకివ్వు. బరువు సరిపోయిందని చెప్పు.”

“మా నాన్న మీకు తెలుసా?”

పంకాల హోరులో ఆయనకి వినిపించిందో లేదో, చెయ్యి ఊపాడంతే.

మబ్బు సందుల్లోంచి విమానం ఎలాగో దిగింది. సుపాంగ్ ఇల్లు చేరేసరికి మారన్ పొయ్యి పక్కన దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. ఆమె మెషిన్ పెట్టి ముక్కుకి గొట్టం తగిలించింది. కాసేపటికి ఆయన పెదాల నీలం తగ్గింది.

అప్పుడు చూసిందామె. పొయ్యి దగ్గర ఆకుల్లో కట్టిన వేడి అన్నం పొట్లాలు రెండున్నాయి. పక్కన కొత్త చాప పరిచి ఉంది.

“ఎవరొస్తున్నారు నాన్నా?”

“నీతోపాటు విమానంలో రాలేదూ? తెల్లజుట్టు, సన్నగా ఉంటాడు. చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ ఉండదు. ఎప్పుడూ అంతే.”

సుపాంగ్ కాటా తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఈ మెషిన్ ఎక్కాలని తన సీటు వదిలేశాడు నాన్నా. బరువు సరిపోయిందని చెప్పమన్నాడు.”

మారన్ ఆ కొక్కేన్ని వేలితో తడిమాడు. తను కొని వాడి, ఆ మనిషికే ఇచ్చిన కాటా అది. ‘బరువు సరిపోయింది’ అన్నది సామాను తూచడం అయ్యాక తను రోజూ అరిచే మాటే. కళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు.

“కెప్టెన్ లాయ్ అమ్మా! ముప్పై ఏళ్ళు మన ఊరికి విమానం నడిపాడు. తన సంచి బరువు తగ్గితే ఇంకో రోగి మందు ఎక్కుతుందనేవాడు. దిగేవాడు, మబ్బు పట్టేలోగా ఎగిరిపోయేవాడు. ఒక్కరోజు కూడా ఈ పొయ్యి దాకా రాలేదు.”

ఆయన ఓసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“ఒక్కసారైనా ప్రయాణికుడిలా వచ్చి నా పక్కన కూర్చుని అన్నం తింటానన్నాడు తల్లీ... ఆ సీటు కూడా నాకే ఇచ్చేశాడు.”